గర్భిణికి ఇరవై నాలుగు గంటల నొప్పి వస్తే



2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకు. అంటే ఆ రోజు నది ఎంత ఎత్తున పారిందో ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1965లో ప్రారంభమైన పాత వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వరద హెచ్చరిక వచ్చిందంటే నెలలు నిండిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రికి చేర్చడం గోదావరి తీరంలో వైద్యశాఖ చేసే మొదటి పనుల్లో ఒకటి. ప్రసవానికి ఒక తేదీ ఉంటుంది కాబట్టి ఆ జాగ్రత్త పడటం కుదురుతుంది.

తేదీ చెప్పకుండా వచ్చే జబ్బులు గర్భిణులకూ వస్తాయి. ప్రసవంతో సంబంధం లేకుండా గర్భిణికి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చే జబ్బుల్లో ప్రపంచమంతటా మొదటి స్థానం అపెండిక్స్ వాపుదే. మన ఊళ్లలో ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి అంటారు. దాదాపు 1,500 గర్భాల్లో ఒకరికి ఇది వస్తుందని వైద్య గ్రంథాల అంచనా. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ మాట డాక్టరు నోట వినగానే ఇంట్లో వాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. కడుపులో బిడ్డ ఉండగా పొట్ట మీద కత్తి పెడతారా? నెల తప్పిన దగ్గర్నుంచి బరువెత్తనివ్వకుండా చూసుకున్న పిల్లకు ఇప్పుడు మత్తు ఇస్తారా? పొట్టలో గ్యాస్ నింపి, గొట్టాలు దించి చేసే ఆపరేషన్ అంటున్నారు, బిడ్డకు ఊపిరాడుతుందా? ఈ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. డాక్టర్లు కూడా ఇవే ప్రశ్నలు వేసుకుని, చాలా ఏళ్లు వాదించుకుని, కొన్ని జవాబులకు వచ్చారు. ఆ జవాబులు చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, కూనవరం లాంటి అడవి అంచు మండలాల్లో ఉన్న కుటుంబాలకు ఎలా పనికొస్తాయో ఈ ప్రసంగంలో చూద్దాం.

అపెండిక్స్ పెద్దపేగు మొదట్లో, పొట్టకు కుడివైపు కింద, చిటికెనవేలంత ఉండే చిన్న గొట్టం. దాని నోరు మూసుకుపోతే లోపల క్రిములు పెరిగి, వాచి, చీము పట్టి, చివరికి పగులుతుంది. పగిలితే ఆ చీము పొట్టంతా పాకుతుంది. అది ఎంతసేపట్లో పగులుతుందనేది మనిషిని బట్టి మారుతుంది. 2006లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం నొప్పి మొదలైన 36 గంటల లోపు పగిలే ప్రమాదం 2 శాతం లోపే ఉంది. ఆ తర్వాత గడిచే ప్రతి 12 గంటలకూ సుమారు 5 శాతం చొప్పున ప్రమాదం వచ్చి చేరుతోంది. ఇది అందరు రోగుల లెక్క. గర్భిణుల్లో జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి, పగిలాక ఆసుపత్రికి చేరేవాళ్లు వాళ్లలో ఎక్కువ.

పగలక ముందు తీసేస్తే బిడ్డను కోల్పోయే ప్రమాదం కొద్ది శాతం మాత్రమే. పగిలి చీము పొట్టంతా పాకాక ఆ ప్రమాదం 20 శాతం దాటుతుందనీ, 30 శాతానికి పైగా కూడా పోతుందనీ కొన్ని లెక్కలు చెబుతున్నాయి. అమెరికా సర్జన్ ఎడ్మండ్ బాబ్లర్ 1908లోనే ఈ సంగతి గ్రహించారు. గర్భిణుల్లో అపెండిక్స్ మరణాలకు కారణం ఆలస్యమేనని ఆయన రాశారు. యాంటీబయాటిక్ మందులు, రక్తనిధులు, స్కానింగులు లేని కాలం అది. ఇవన్నీ వచ్చాక కూడా ఆయన చెప్పినదాన్ని ఎవరూ కొట్టిపారేయలేదు.

ఆలస్యం ఎందుకవుతుంది? గర్భిణి ఒంట్లో ఈ జబ్బు మారువేషంలో తిరుగుతుంది. వాంతులు, వికారం, ఆకలి లేకపోవడం అపెండిక్స్ లక్షణాలు. మొదటి నెలల్లో గర్భిణికి ఇవి ఎలాగూ ఉంటాయి. పొత్తికడుపు లాగినట్టుండటం కూడా మామూలే. రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగితే జబ్బును అనుమానించాలి. కానీ మామూలు మనిషికి 11 వేల లోపు ఉండే ఈ లెక్క గర్భిణికి ఏ జబ్బూ లేకుండానే 15, 16 వేల దాకా వెళ్తుంది, నొప్పులు మొదలైతే ఇంకా పెరుగుతుంది. పెరిగే గర్భాశయం పొట్ట గోడను ముందుకు నెడుతుంది కాబట్టి, లోపల చీమున్నా పైన చేయి పెట్టినప్పుడు పొట్ట గట్టిగా తగలకపోవచ్చు.

నొప్పి ఎక్కడుంటుందనే దాని మీద కూడా ఒక పాత వాదం ఉంది. 1932లో బేర్ అనే వైద్యుడు ఎక్స్‌రేలు తీసి, నెలలు పెరిగేకొద్దీ అపెండిక్స్ పైకి జరుగుతుందని చెప్పారు. దాంతో నిండు గర్భిణికి అపెండిక్స్ నొప్పి పక్కటెముకల కింద వస్తుందని తరతరాల వైద్య విద్యార్థులు చదువుకున్నారు. తర్వాత చేసిన పరిశీలనల్లో, ఏ నెలలోనైనా ఎక్కువమందికి నొప్పి కుడివైపు కిందనే ఉంటుందని తేలింది. కొందరికి పైకి జరగవచ్చు. కాబట్టి కుడివైపు ఎక్కడ నొప్పి వచ్చినా, అది తగ్గకుండా పెరుగుతుంటే తేలిగ్గా తీసుకోకూడదు.

భద్రాచలం ఏజెన్సీలో ఈ మారువేషానికి మరికొన్ని తోడవుతాయి. ఇక్కడ మలేరియా ఉంది, టైఫాయిడ్ ఉంది. రెండింటిలోనూ జ్వరంతో పాటు కడుపునొప్పి రావచ్చు. గర్భిణికి మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్ వస్తే అదీ ఎక్కువగా కుడివైపే నొప్పి పుట్టిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం సికిల్ సెల్. కోయ తదితర గిరిజన కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే ఈ రక్తదోషంలో ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. అప్పుడు వచ్చే కడుపునొప్పి అచ్చం అపెండిక్స్ నొప్పిలాగే ఉండి డాక్టర్లను కూడా తికమక పెట్టగలదు. నిజంగా అపెండిక్సే అయినా, సికిల్ సెల్ ఉన్న సంగతి ముందుగా తెలియకపోతే మత్తులో ఉండగా ప్రాణవాయువు తగ్గినా, ఒళ్లు చల్లబడినా, ఒంట్లో నీరు తగ్గినా కణాలు వంకరపోయి ప్రమాదం వస్తుంది. దేశవ్యాప్తంగా సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జూలై 1న మొదలైంది. ఆ పరీక్ష చేయించుకుని కార్డు తీసుకున్న గర్భిణి, ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆ కార్డును మత్తు డాక్టరుకు చూపించాలి.

రక్తహీనత సంగతీ చెప్పుకోవాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా, 53 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువున్న గర్భిణికి ఏ ఆపరేషనైనా బరువే. ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలు ప్రసవం రోజుకి మాత్రమే కాదు, ఇలాంటి ఆపద రోజుకి కూడా పెట్టుబడి.

ఇక జబ్బును ఖాయం చేసుకోవడం ఎలా? మొదటి పరీక్ష అల్ట్రాసౌండ్. ధ్వని తరంగాలతో చేసే ఈ స్కానింగ్ వల్ల బిడ్డకు ఎలాంటి హానీ లేదు. అపెండిక్స్ వెడల్పు 6 మిల్లీమీటర్లు దాటి, ప్రోబుతో నొక్కినా అణగకపోతే వాచినట్టు లెక్క. నెలలు పెరిగేకొద్దీ గర్భాశయం అడ్డొచ్చి అపెండిక్స్ కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు రంగు మందు ఇవ్వకుండా చేసే ఎంఆర్ఐ మంచి దారి. అది దొరకని చోట, తల్లి ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఉంటే సీటీ స్కాన్ చేయడానికి కూడా వైద్య సంఘాలు అనుమతిస్తున్నాయి. బిడ్డకు హాని చేస్తుందనుకునే రేడియేషన్ హద్దు 50 మిల్లీగ్రేలు, ఒక పొట్ట సీటీ సాధారణంగా ఆ హద్దు లోపే ఉంటుంది. స్కానింగులో అపెండిక్స్ కనిపించలేదన్న రిపోర్టుకు అపెండిక్స్ బాగుందని అర్థం కాదు. నొప్పి అలాగే ఉంటే గర్భిణిని ఇంటికి పంపకుండా వార్డులోనే ఉంచి, కొన్ని గంటలకొకసారి మళ్లీ చూడాలి.

ఇప్పుడు అసలు విషయానికి, గొట్టాలతో చేసే ఆపరేషన్‌కి వద్దాం.

అపెండిక్స్‌ను మొట్టమొదట తీసింది 1735లో లండన్‌లో, క్లాడియస్ అమియాండ్ అనే సర్జన్. ఒక బాలుడు మింగిన గుండుసూది అందులో ఇరుక్కుంది. ఆ తర్వాత దాదాపు రెండున్నర శతాబ్దాలు పొట్ట కోసి తీయడమే పద్ధతి. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కర్ట్ సెమ్ చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు దించి అపెండిక్స్ తీసేశారు. ఆయన జనరల్ సర్జన్ కాదు, స్త్రీల వైద్యుడు. ఈ సంగతి ఆయన సభలో చెప్పినప్పుడు జర్మన్ సర్జన్ల సంఘం అధ్యక్షుడు కోపగించుకుని, ఆయన్ను వైద్యం చేయకుండా ఆపాలని ఉత్తరం రాశారు. మరో పదేళ్లకు లాప్రోస్కోపీ అనే ఆ పద్ధతే ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో తెహెంటన్ ఉద్వాడియా లాప్రోస్కోపీతో పిత్తాశయం తీసి దారి వేశారు. అదే 1990లో గర్భిణుల్లో లాప్రోస్కోపీతో అపెండిక్స్ తీసిన మొదటి నివేదిక కూడా వైద్య పత్రికల్లో వచ్చింది.

అయినా చాలాకాలం గర్భం ఉంటే లాప్రోస్కోపీ వద్దనే అనేవారు. భయాలు మూడు. మొదటి గొట్టం గుచ్చేటప్పుడు గర్భాశయానికి తగులుతుందేమో. పొట్టలో నింపే గ్యాస్ ఒత్తిడికి బిడ్డకు రక్తం సరిగా అందదేమో. ఆ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కాబట్టి, అది తల్లి రక్తంలోకి ఇంకి బిడ్డకు చేరుతుందేమో. మూడో భయానికి ఆధారం లేకపోలేదు. గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో తల్లి ఒంట్లో ఈ వాయువు పెరిగినప్పుడు పిల్ల రక్తంలో ఆమ్లం పెరిగింది. అందుకే ఆరంభంలో సర్జన్లు రెండో త్రైమాసికం దాకా ఆగమనీ, 26 లేదా 28 వారాలు దాటితే ఈ పద్ధతి వద్దనీ చెప్పేవారు.

అనుభవం పెరిగాక ఆ హద్దులు పోయాయి. లాప్రోస్కోపీ సర్జన్ల అమెరికా సంఘం సేజెస్ 2007లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2011లోనూ 2017లోనూ వాటిని సవరించింది. అవసరమైన ఆపరేషన్‌ను గర్భంలో ఏ త్రైమాసికంలోనైనా లాప్రోస్కోపీతో చేయవచ్చని అవి చెబుతున్నాయి. పైన చెప్పిన మూడు భయాలకూ ఆపరేషన్ గదిలోనే ఒక్కొక్క జవాబు ఉంది.

మొదటి గొట్టాన్ని మామూలుగా బొడ్డు దగ్గర పెడతారు. గర్భిణికి అలా కాదు. గర్భాశయం ఎంత ఎత్తుకు వచ్చిందో ముందు చేత్తో కొలుచుకుని, దానికి పైన చోటు చూసుకుంటారు. చాలామంది సర్జన్లు గుడ్డిగా సూది గుచ్చకుండా చిన్న గాటు పెట్టి, పొరలను కంటితో చూస్తూ తెరిచి గొట్టం దించుతారు. గ్యాస్ ఒత్తిడిని 10 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉంచుతారు. తల్లి గట్టిగా దగ్గినప్పుడు, ప్రసవ నొప్పులు వచ్చినప్పుడు గర్భాశయం మీద పడే ఒత్తిడి అంతకంటే ఎక్కువే. కార్బన్ డయాక్సైడ్ సంగతి మత్తు డాక్టరు చూసుకుంటారు. తల్లి వదిలే ఊపిరిలో ఆ వాయువు ఎంతుందో చూపించే యంత్రాన్ని కనిపెట్టుకుని, దాని ప్రకారం శ్వాసను సరిచేస్తూ ఉంటారు. ఈ యంత్రం లేని చోట గర్భిణికి లాప్రోస్కోపీ చేయకూడదు.

అయిదో నెల దాటిన గర్భిణిని వెల్లకిలా పడుకోబెడితే బరువైన గర్భాశయం వెన్ను ముందున్న పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది. గుండెకు రక్తం తగ్గి, బీపీ పడిపోయి, బిడ్డకూ రక్తం తగ్గుతుంది. అందుకని ఆపరేషన్ బల్లను ఎడమవైపుకి వాల్చి పెడతారు. కుడివైపు పొట్టలో పని చేయడానికి కూడా అది అనుకూలమే. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. గర్భం నిలబడటానికని ముందుజాగ్రత్తగా మందులు ఇవ్వనక్కర్లేదు, నొప్పులు మొదలైన సూచనలుంటేనే ఇవ్వాలి. గర్భిణి రక్తం మామూలు కంటే తొందరగా గడ్డకడుతుంది కాబట్టి కాళ్లలో గడ్డలు రాకుండా చూడాలి. వీలైనంత త్వరగా లేపి నడిపించాలి. చిన్న రంధ్రాలతో చేసిన ఆపరేషన్‌కు ఉన్న పెద్ద మేలు ఇక్కడే తెలుస్తుంది. నొప్పి తక్కువ, మత్తు కలిగించే నొప్పి మందుల అవసరం తక్కువ, కుట్ల దగ్గర చీము పట్టడం తక్కువ, ఇంటికి పోవడం త్వరగా. లోపల మొత్తం కనిపిస్తుంది కాబట్టి, అపెండిక్స్ బాగుండి అండాశయం మెలిపడిన సందర్భాల్లో అసలు జబ్బు కూడా దొరుకుతుంది.

బిడ్డ విషయంలో లెక్కలు ఏం చెబుతున్నాయి? ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1995 నుంచి 2002 వరకు అపెండిక్స్ ఆపరేషన్ అయిన 3,133 మంది గర్భిణుల వివరాలను పరిశీలించి 2007లో ఒక నివేదిక వచ్చింది. లాప్రోస్కోపీ అయినవాళ్లలో గర్భం పోయే అవకాశం, కోత ఆపరేషన్ అయినవాళ్లతో పోలిస్తే రెండింతలకు పైగా ఉందని అది చెప్పింది. ఆ ఒక్క నివేదికతో చాలామంది సర్జన్లు వెనక్కి తగ్గారు. 2012లో కొన్ని అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా దాదాపు అదే లెక్క వచ్చింది. అయితే 2019లో కొరియా పరిశోధకులు 22 అధ్యయనాలను, మొత్తం 4,694 మంది గర్భిణుల వివరాలను కలిపి చూశారు. కాలిఫోర్నియా నివేదిక ఒక్కదాన్ని పక్కన పెడితే రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. నెలలు నిండకుండా ప్రసవం కావడంలోనూ తేడా కనిపించలేదు. కుట్లకు చీము పట్టడం లాప్రోస్కోపీలో సగానికంటే తగ్గింది.

కాలిఫోర్నియా లెక్క 1995-2002 నాటిది, అంటే సర్జన్ల చేయి తిరగని కాలానిది. గర్భం ఎన్నో నెలలో ఆపరేషన్ జరిగిందో ఆ లెక్కలో తేలదు. మొదటి నెలల్లో ఆపరేషన్ లేకపోయినా కొన్ని గర్భాలు నిలవవు. ఇవన్నీ నిజమే. అయినా ఆ నివేదికను చెత్తబుట్టలో వేయలేం. చేయి తిరిగిన సర్జన్, అనుభవమున్న మత్తు డాక్టరు, సరైన యంత్రాలు ఉన్నచోట లాప్రోస్కోపీ గర్భిణికి భద్రమైనదే. అవి లేనిచోట కోత పెట్టి చేసే ఆపరేషనే ఎక్కువ భద్రం. అన్ని లెక్కలూ కలిపి చూస్తే తేలేది ఇదే.

అదే కాలిఫోర్నియా నివేదికలో ఇంకో పాఠం ఉంది. పగలని అపెండిక్స్ తీసిన గర్భిణుల్లో 2 శాతం మంది బిడ్డను కోల్పోయారు. పగిలి ముదిరినవాళ్లలో 6 శాతం. అపెండిక్స్ బాగానే ఉండి, అనవసరంగా ఆపరేషన్ అయినవాళ్లలో 4 శాతం. ఎందుకైనా మంచిదని తీసేయడం కూడా గర్భిణికి మంచిది కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. తొందరపడాల్సింది స్కానింగుకూ, సర్జన్ దగ్గరికీ. నిర్ధారణ అయ్యాకే ఆపరేషన్.

మత్తు సంగతి. స్వీడన్‌లో 1973 నుంచి 1981 వరకు జరిగిన 7,20,000 ప్రసవాల రికార్డులను వెతికితే, గర్భంలో ఉండగా ఏదో ఒక ఆపరేషన్ అయినవాళ్లు 5,405 మంది తేలారు. వాళ్ల పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు మిగతావాళ్ల కంటే ఎక్కువ కనబడలేదు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు కొంత ఎక్కువున్నారు. దానికి మత్తు కంటే, ఆపరేషన్ దాకా తెచ్చిన జబ్బే ఎక్కువ కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావించారు.

మందులతోనే తగ్గించలేరా అని అడిగేవాళ్లూ ఉంటారు. మామూలు రోగుల్లో యాంటీబయాటిక్స్‌తో కొందరికి అపెండిక్స్ వాపు తగ్గుతుందని ఫిన్లాండ్‌లో 530 మందితో చేసిన అధ్యయనం 2015లో చెప్పింది. అందులో గర్భిణులను చేర్చుకోలేదు. కాబట్టి ఆ ఫలితాన్ని పట్టుకుని గర్భిణి వైద్యం నిర్ణయించడం తగదు. యాంటీబయాటిక్స్ ఆపరేషన్‌కు తోడు, ప్రత్యామ్నాయం కాదు.

ఇక మన నేల మీదికి వద్దాం. భద్రాచలం ఏరియా ఆసుపత్రి గోదావరికి ఎడమ గట్టున, మూడు రాష్ట్రాల సరిహద్దుకు దగ్గరగా ఉంది. తెలంగాణ మండలాల వాళ్లే కాదు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వైపు వాళ్లూ, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు, ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు నుంచి వచ్చేవాళ్లూ అక్కడికే చేరతారు. 2021 నవంబరులో అప్పటి భద్రాద్రి కొత్తగూడెం కలెక్టర్ దురిశెట్టి అనుదీప్ భార్య ఈ ప్రభుత్వ ఆసుపత్రిలోనే ప్రసవించారు. అది ప్రజలకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. భద్రాచలం నుంచి కొత్తగూడెం సుమారు 40 కిలోమీటర్లు, ఖమ్మం దాదాపు 120 కిలోమీటర్లు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అంతకుముందు ఇలాంటి కేసు వస్తే వరంగల్ ఎంజీఎం, కాదంటే హైదరాబాద్ అనేవారు. ఇప్పుడు సర్జన్, గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, పసిపిల్లల విభాగం ఒకే చోట ఉండే అవకాశం దగ్గరికి వచ్చింది.

అయితే రోడ్డెక్కడానికి ముందు పోయే సమయమే అన్నిటికంటే ఎక్కువ. అడవి లోపలి గూడేల నుంచి, వలస వచ్చిన గొత్తికోయల ఊళ్ల నుంచి గర్భిణిని వాహనం ఆగే చోటుకి చేర్చడానికి ఇప్పటికీ మంచానికి తాళ్లు కట్టి మనుషులు మోయాల్సి వస్తోంది. దానికి ముందు ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, పసరు మందు, వేడి చేసిందని మజ్జిగ, గ్యాసని మాత్ర. ఇలా ఒక రోజు పోతుంది. నొప్పి తగ్గించే సూది వేయగానే గర్భిణికి హాయిగా ఉంటుంది, లోపల వాపు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఒక్కోసారి అపెండిక్స్ పగిలిన క్షణంలో కూడా నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ ఊరట మోసపు ఊరట.

అందుకే ఈ ప్రాంతంలో ఆపరేషన్ ఏ పద్ధతిలో అన్నది రెండో ప్రశ్న. ఎంత త్వరగా అన్నదే మొదటిది. దగ్గర్లోని ఆసుపత్రిలో సర్జన్, మత్తు డాక్టరు ఉండి, లాప్రోస్కోపీ మాత్రం లేకపోతే, దాని కోసం గంటల తరబడి ప్రయాణం చేసి హైదరాబాద్ పోనక్కర్లేదు. కుడివైపు చిన్న కోతతో చేసే పాత ఆపరేషన్ వందేళ్లకు పైగా తల్లులనూ బిడ్డలనూ కాపాడుతోంది. అలా కాక, గర్భం 24 నుంచి 34 వారాల మధ్య ఉండి, ముందుగానే ప్రసవమయ్యే సూచనలుంటే పసిపిల్లల ఐసీయూ ఉన్న చోటికి పంపడం అవసరం. అప్పుడు కూడా సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే సూది అవసరమైతే వేసి, అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎడమవైపుకి పడుకోబెట్టి పంపాలి. చీటీ రాసి చేతికిచ్చి పొమ్మంటే సరిపోదు.

ఇంటివాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపుకి జరిగిన నొప్పి, నడిచినా దగ్గినా ఎక్కువయ్యే నొప్పి, ఆరు గంటలు దాటినా తగ్గని నొప్పి, దానికి తోడు వాంతులో జ్వరమో ఉంటే ఇంట్లో వైద్యం ఆపేయాలి. విరేచనాల మందు, ఎనిమా అస్సలు వద్దు. పొట్ట మీద వేడి కాపడం, తోమడం వద్దు. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి అన్నం పెట్టకూడదు. ఆశా కార్యకర్తకు చెప్పి 108కి ఫోన్ చేయాలి. మాతా శిశు కార్డు, రక్త గ్రూపు చీటీ, సికిల్ సెల్ కార్డు సంచిలో పెట్టుకోవాలి. తెలుగు సరిగా రాని కోయ ఆడబిడ్డ అయితే, నొప్పి ఎప్పుడు ఎక్కడ మొదలైందో ఆమె భాషలో అడిగి డాక్టరుకు చెప్పగల మనిషిని వెంట తీసుకెళ్లాలి. కడుపునొప్పిలో సగం నిర్ధారణ ఆ మాటల్లోనే ఉంటుంది.

ఆసుపత్రిలో అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు. గర్భిణులకు ఈ ఆపరేషన్ ఇక్కడ చేస్తున్నారా? మత్తు డాక్టరు ఉన్నారా? ఆపరేషన్‌కు ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు చూస్తారా? గైనకాలజిస్టు కూడా చూస్తారా? లాప్రోస్కోపీయా, కోతా, ఎందుకు? ఖర్చు సంగతి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు. ఈ అయిదు ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబు చెప్పే ఆసుపత్రిలో గర్భిణిని నమ్మకంగా చేర్పించవచ్చు.

ప్రభుత్వాలకూ ఒక విన్నపం ఉంది. భద్రాచలం, చింతూరు లాంటి చోట్ల లాప్రోస్కోపీ యంత్రాలు కొనిపెట్టడం ఒక్కటే చాలదు. రాత్రిపూట, ఆదివారం పూట కూడా మత్తు డాక్టరు, స్కానింగ్ చేసే మనిషి, రక్తం అందుబాటులో ఉండాలి. రాష్ట్ర సరిహద్దు దాటి వచ్చిన గర్భిణిని ఏ కార్డు ఉందని కాకుండా ఏ నొప్పితో వచ్చిందని అడగాలి. ఏఎన్ఎంలకు, ఆశాలకు ఇచ్చే శిక్షణలో ప్రసవ ప్రమాదాలతో పాటు ఈ కడుపునొప్పి లక్షణాలనూ చేర్చాలి.

ఈ ప్రసంగం వింటున్న అత్తమామలకు, భర్తలకు, తోటికోడళ్లకు చివరి మాట. గర్భంతో ఉన్న మీ ఇంటి ఆడబిడ్డ కుడివైపు కడుపు నొప్పి అంటే తెల్లారనిద్దామని అనకండి. ఆపరేషన్‌కు భయపడి ఆగకండి. గంట కూడా పోనివ్వకుండా బయల్దేరండి. సమయానికి చేరితే, కెమెరాతో చేసినా కోతతో చేసినా, తల్లీబిడ్డా ఇద్దరూ క్షేమంగా ఇంటికి వచ్చే అవకాశమే ఎక్కువ.